మౌలిక పరిశోధన - ప్రభుత్వ పోషణము

ఫలమును కోరువాడు వేరునకు నీరు పోయవలెను. శాస్త్రవిషయమున ఈ లోకన్యాయము తరచుగా విస్మరింపబడుచున్నది. పరిశోధనకు ధనమిచ్చునపుడు ‘దీనివలన ప్రయోజనమేమి?’ అను ప్రశ్నయే ముందు వచ్చును. ప్రశ్న అనుచితము కాదు. సమాధానము తక్షణమే కావలెననుట అనుచితము.

క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెనుగునకు తెచ్చెను. సంస్కృతమూలమును ఎం. రంగాచార్యులు పరిష్కరించి ఆంగ్లానువాదముతో సిద్ధపరుపగా, 1912లో మద్రాసు ప్రభుత్వమే ప్రకటించెను. లాభాపేక్షతో జరిగిన కార్యము కాదది. అయినను భారతీయ గణితచరిత్రను పరిశీలించువారికి ఆ ముద్రణము నేటికిని ఆధారమే. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము శ్రీనివాస రామానుజనునకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము నిచ్చెను. ఆయన పట్టభద్రుడు కాడు. ఆయన గణితమునకు తక్షణ ప్రయోజనమును చూపగలవారును లేరు. అయినను ఇచ్చిరి.

పేదదేశమున అన్నవస్త్రములు ముందు, సంఖ్యాసిద్ధాంతములు తరువాత అని కొందరందురు. ఈ ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని 18వ శతాబ్దమున ఆయిలరు నిరూపించిన సంఖ్యాసిద్ధాంతము, 1977లో రివెస్టు, షమీరు, ఏడిల్మను కల్పించిన గూఢలేఖన పద్ధతికి ఆధారమైనది. అట్టి పద్ధతులే కంప్యూటర్లపై సాగు ధనవ్యవహారములకు రక్షణ కల్పించినవి. రెండువందల ఏండ్లకు పండిన ఫలమును ఏ వార్షిక నివేదిక చూపగలదు?

2020-21లో భారతదేశము పరిశోధనాభివృద్ధులపై వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతము మాత్రమే. 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేండ్లకు 50,000 కోట్ల రూపాయలు అంచనా వేయబడినవి. అందు ప్రభుత్వభాగము 14,000 కోట్లు. మిగిలినది పరిశ్రమలు, దాతలు మొదలగువారినుండి రావలెనని ఉద్దేశము. పరిశ్రమాధిపతి తన సరకునకు ఉపకరించు పరిశోధనను కోరుట సహజము, దోషము కాదు. అందుచేతనే, ఎవరి సరకునకును చెందని మౌలిక పరిశోధనను భరించు బాధ్యత ప్రభుత్వమునదే.

శిష్యులు లేని శాస్త్రము ఒక్క తరముతో అంతరించును. విజ్ఞానశాస్త్రములతో కలియు మానవీయ విషయములును ఆ సంస్థ పరిధిలో చేరియున్నవి. గణిత, జ్యోతిష, ఆయుర్వేద తాళపత్రములను చదువగల పండితులకు ఇదియొక ద్వారము. అందు ప్రవేశించుటకు సంస్కృతముతోపాటు గణితమును నేర్చిన విద్యార్థిని ప్రాచ్యకళాశాలలు సిద్ధము చేయవలెను. అట్టివానికి ఐదేండ్లపాటు నిలుకడగా వేతనమును ప్రభుత్వము ఈయవలెను. నాటి 75 రూపాయలు నేడు చాలవు. కాని ఫలము కనబడకమున్నే ఇచ్చిన నాటి ధైర్యము నేడును కావలెను.