ఆ బొమ్మ ఎవరిది?

అలాస్కా ఆగ్నేయ తీరంలో ఉండే ట్లింగిట్ ప్రజల కళను చాలామంది రంగురంగుల జంతువుల బొమ్మలుగానే చూస్తారు. అంతటితో ఆగితే అసలు విషయం తప్పిపోతుందని మేము భావిస్తున్నాం. అవి అలంకారాలు కావు, వంశాల ఆస్తిపత్రాల్లాంటివి.

ట్లింగిట్లలో బొంతకాకి, గద్ద అని రెండు పక్షాలు. ఒక్కో పక్షంలో ఎన్నో వంశాలు. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తే, వారికి వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. పెళ్లి అవతలి పక్షంవారితోనే జరగాలన్నది పాత ఆచారం. ప్రతి వంశానికీ సొంత చిహ్నాలుంటాయి. కిక్సాదీ వంశానికి కప్ప, దక్లావేదీ వంశానికి కిల్లర్ వేల్ తిమింగలం. టోపీలు, దుప్పట్లు, ఇంటి స్తంభాల మీద కనిపించేవి ఇవే. చిహ్నంతోపాటు దాని కథ, పాట, పేర్లు కూడా వంశం సొత్తే. ఆ సొత్తును వారు 'అట్‌ఊ' అంటారు. కొని సొంతం చేసుకున్నది అని దాని అర్థం. ఆ వెల కొన్నిసార్లు పూర్వీకుల ప్రాణమే.

చెక్కించినంత మాత్రాన వస్తువు అట్‌ఊ అయిపోదు. చనిపోయినవారి స్మారక విందులో దాన్ని బయటికి తెచ్చి, అవతలి పక్షంవారిని సాక్షులుగా ఉంచి, వారికి కానుకలివ్వాలి.

1904లో ఆంగూన్ గ్రామం నుంచి ఒక కిల్లర్ వేల్ టోపీ స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. 2005లో ఆ సంస్థ దాన్ని దక్లావేదీ వంశానికి తిరిగి ఇచ్చింది. తర్వాత వంశం అనుమతితోనే కంప్యూటర్ కొలతలు తీసి నకలు చేయించుకుంది. చూడటానికి రెండూ ఒకటే. కానీ అసలుది అట్‌ఊ, నకలు పాఠం చెప్పడానికి చేసినది. సరైన దారి ఇదేనని మా అభిప్రాయం.

మ్యూజియాలు దాచకపోతే ఇవి మిగిలేవా అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అదే ఆంగూన్‌ను 1882 అక్టోబరులో అమెరికా నౌకాదళం ఫిరంగులతో కొట్టి తగలబెట్టింది. క్షమాపణ చెప్పింది 2024లో. పోగొట్టినదీ, దాచినదీ ఒకే దేశమని మరవకూడదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ఇలాంటి బొమ్మ పాఠంలోకి వస్తే 'ఇది ఏ జంతువు?' అని అడిగి ఊరుకోకండి. 'ఏ వంశానిది? వాడుకోవడానికి ఎవరు ఒప్పుకున్నారు?' అని పిల్లల చేత అడిగించండి. చిహ్నాన్ని చూసి గీయడం కన్నా, అది ఎవరిదో తెలుసుకుని గౌరవించడం పెద్ద చదువు.