బట్టీ మారాలి, బతుకూ మారాలి

వరి కోతలు ముగిసేసరికి మన ఊళ్ల పక్కన ఇటుక బట్టీలు లేస్తాయి. పెద్దపల్లి నుంచి రామగుండం పోయే దారిలో చూడండి. సంగారెడ్డి పొలాల్లో చూడండి. హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి పల్లెల్లో చూడండి. తొలకరి పడేదాకా ఆ పొగ ఆగదు. మనం బస్సు కిటికీలోంచి చూస్తాం, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటాం, ఊరు దాటగానే మరిచిపోతాం.

ఈ వారం మేం ఆ పొగ గురించే రాస్తున్నాం. ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన పత్రికకు ఇటుక బట్టీతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. పని ఉంది. మన మట్టి, మన బొగ్గు, మన గాలి ఎవరి పాలవుతున్నాయని అడిగిన ఉద్యమం మనది. బట్టీలో ఆ మూడూ ఒక్కచోటే కాలుతున్నాయి. వాటితో పాటు మనిషి చెమట కూడా.

ముందు పొగ సంగతి తేల్చుకుందాం. నల్లటి పొగ అంటే పూర్తిగా కాలని బొగ్గు. యజమాని డబ్బు పెట్టి కొన్న సరుకు సగం పని చేసి గాలిలో కలిసిపోతోంది. అది మొదట యజమాని జేబుకు నష్టం. ఆ తర్వాత ఊరి ఊపిరితిత్తులకు నష్టం.

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించే బట్టీ ఎట్లా ఉంటుంది? పచ్చి ఇటుకలను గుట్టలాగ పేరుస్తారు. అడుగున మంట పెట్టడానికి సొరంగాల లాంటి ఖాళీలు వదులుతారు. వరుసల మధ్య బొగ్గుపొడో, ఊకో చల్లుతారు. పైనా చుట్టూ మట్టి పూసి నిప్పు పెడతారు. రోజుల తరబడి కాలుతుంది, రోజుల తరబడి చల్లారుతుంది. నడిమి ఇటుకలు మాడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అంచుల్లోవి సగం కాలి చేతిలో పొడి అవుతాయి. ఎర్రగా కాలిన ఇటుకల్లో దాచుకున్న వేడి అంతా చల్లారేటప్పుడు ఊరికే ఆకాశంలోకి పోతుంది. తర్వాతి బట్టీకి మళ్లీ మొదటి నుంచి బొగ్గు పోయాలి.

లెక్క చూద్దాం. ఇట్లాంటి బట్టీలో కిలో ఇటుకను కాల్చడానికి 1.5 నుంచి 3 మెగాజౌళ్ల వేడి ఖర్చవుతుందని నిపుణుల అంచనా. బాగా నడిపే జిగ్‌జాగ్ బట్టీకి సుమారు 1.1 చాలు. దీన్ని బొగ్గులోకి మార్చుకుందాం. ఇటుక బరువు 3 కిలోలు, బొగ్గు కిలోకు 4 వేల కిలోకేలరీలు ఇచ్చే రకం అనుకుందాం. 2 మెగాజౌళ్లు తినే పాత బట్టీలో వెయ్యి ఇటుకలకు దాదాపు 360 కిలోల బొగ్గు కావాలి. జిగ్‌జాగ్‌లో 200 కిలోలు. వెయ్యి ఇటుకల దగ్గరే 160 కిలోల తేడా! లక్షల ఇటుకలు కాల్చే యజమానికి సీజన్‌లో ఎంత మిగులుతుందో వేరే చెప్పాలా?

ఈ తేడా మంత్రంతో రాలేదు. జర్మనీ ఇంజనీరు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1858లోనే దారి చూపించాడు. ఇటుకను కదపకుండా మంటనే ముందుకు నడిపించాడు. మంట వెనక కాలిన ఇటుకలు చల్లారుతూ లోపలికి వచ్చే గాలిని వేడి చేస్తాయి. ఆ వేడిగాలి మంటను మండిస్తుంది. మంట ముందుకు పోయే పొగ పచ్చి ఇటుకలను ఆరబెట్టి వేడెక్కిస్తుంది. వేడి బయటికి పోకుండా లోపలే తిరుగుతుంది. 1876లో బుల్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఇదే పద్ధతిని తక్కువ ఖర్చుతో నేలలో కందకం తవ్వి చేయొచ్చని చూపించాడు. ఉత్తర భారతంలో పొగగొట్టంతో కనిపించే బట్టీలు ఆ వంశానివే. జిగ్‌జాగ్ అంటే వాటిలోనే ఇటుక పేర్చే తీరు మార్చడం. గాలి నేరుగా పారిపోకుండా మెలికలు తిరుగుతూ పోతుంది. గాలి, బొగ్గు బాగా కలుస్తాయి. బొగ్గు నిండుగా కాలుతుంది, పొగ తెల్లబడుతుంది, మంచి ఇటుకల వాటా పెరుగుతుంది.

అంటే 160 ఏళ్లు దాటిన విద్య ఇది. మరి మన పొలాలకు ఎందుకు రాలేదు?

యజమానులు చెప్పే కారణాలు మాకు తెలుసు. భూమి కౌలుది, రెండు మూడేళ్లకు మట్టి అయిపోతే ఇంకో చోటికి పోవాలి. పక్కా బట్టీ కట్టాలంటే లక్షలు కావాలి, బ్యాంకులు అప్పు ఇవ్వవు. కొత్త పద్ధతి తెలిసిన మంట మేస్త్రీలు మన దగ్గర లేరు. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. కొత్తదంతా గొప్పదే అని కూడా మేం అనం. చైనా నుంచి వచ్చిన నిలువు బట్టీని 1996లో మధ్యప్రదేశ్‌లోని దతియాలో మొదలుపెట్టారు. బొగ్గు ఆదాలో అది అన్నిటికంటే ముందు. కానీ అన్ని మట్టులూ దానికి సరిపడలేదు. ఇటుక పగుళ్లు, రంగు మీద కొనేవాళ్లు పెదవి విరిచారు. అనుకున్నంతగా అది నిలబడలేదు. మన నల్లరేగడి, ఎర్రమట్టి, చెరువు మట్టి ఒక్కోటి ఒక్కో తీరు. ఎక్కడి నమూనానో తెచ్చి నెత్తిన పెడితే పని జరగదు.

కానీ పెట్టుబడి లేకుండా ఏమీ చేయలేం అనే మాట మాత్రం నిజం కాదు. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో 276 జిగ్‌జాగ్ బట్టీల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2025లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. అక్కడ కొత్త కట్టడం ఏదీ కట్టలేదు. సబ్సిడీ లేదు, జరిమానా లేదు. ఇటుక పేర్చే తీరు సరిచేశారు. ఒకేసారి గంపెడు బొగ్గు కుమ్మరించకుండా ఒక మనిషి కొద్దికొద్దిగా ఆగకుండా వేసే పద్ధతి నేర్పారు. బొగ్గులో పొట్టు లాంటివి కలిపారు. వేడి పోకుండా పైన బూడిద మందంగా పరిచారు. శిక్షణ పొందిన బట్టీల్లో 65 శాతం ఈ పద్ధతి పట్టుకున్నాయి. అట్లా మారిన బట్టీల్లో ఇంధనం 23 శాతం తగ్గింది. మనవాళ్లకు ఇది చేతకాదా? బూడిద మందంగా పరవడానికి ఏ బ్యాంకు అప్పు కావాలి?

బూడిద అంటే రామగుండం గుర్తుకు రావాలి. ఉద్యమ కాలంలో మనం ఎన్నిసార్లు అన్నాం! బొగ్గు మనది, బూడిద మనది, వెలుగు మాత్రం ఇంకొకరిది అని. రామగుండం ఎన్టీపీసీ బూడిద కుందనపల్లి చెరువులో గుట్టలు పడింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. బూడిద కలిస్తే మట్టి ఆదా. నల్లరేగడి మట్టి ఆరేటప్పుడు పగలడం తగ్గుతుంది. బూడిదలో మిగిలిన బొగ్గు నలుసు ఇటుక లోపలి నుంచే కాలుతుంది కాబట్టి బయటి బొగ్గు కూడా తగ్గుతుంది. అదే పెద్దపల్లి జిల్లాలో ఒకపక్క బూడిద గాలికి లేచి కళ్లల్లో పడుతోంది, ఇంకోపక్క బట్టీల కోసం పంట పండే పైమట్టి లారీలకెక్కుతోంది. ఇంతకంటే వింత ఏముంది?

చట్టం లేదా అంటే ఉంది. 2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ శాఖ బట్టీలన్నీ జిగ్‌జాగ్‌కో, నిలువు బట్టీకో మారాలని, లేదా పైపు గ్యాస్ వాడాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఘనపు మీటరు పొగలో ధూళి 250 మిల్లీగ్రాములు దాటొద్దన్నది. కొత్త బట్టీ ఇళ్లకు, పండ్ల తోటలకు 800 మీటర్ల దూరంలో ఉండాలన్నది. గాలి చెడిపోయిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపలి బట్టీలకు ఏడాది, మిగతావాటికి రెండేళ్లు గడువు పెట్టింది. గాలి చెడిపోయిన నగరాల జాబితాలో మనవి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు ఉన్నాయి. 2022 నుంచి లెక్కపెట్టుకోండి. మీ ఊరి పక్క బట్టీ మారిందా? మీరే చూసి చెప్పండి.

ఇక అసలు మాట. ఈ బట్టీల్లో ఇటుక చేసేది ఎవరు? ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వచ్చే బీదజనం. దళారి చేతిలో అడ్వాన్సు తీసుకుని, భార్యాపిల్లలతో కాంటాబంజీ స్టేషన్‌లో రైలెక్కి వస్తారు. ఆరు నెలలు మట్టి తొక్కి, అచ్చు పోసి, తల మీద మోసి ఆ అడ్వాన్సు తీరుస్తారు. మనిషి నిలబడలేనంత చిన్న గుడిసె. పిల్లల చదువు ఆ ఆరు నెలలు ఆగిపోతుంది. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడులు నడిచాయి, అది మెచ్చుకోవాల్సిందే. కానీ బడి ఉన్న బట్టీ కంటే లేని బట్టీలే మనకు ఎక్కువ కనిపిస్తాయి.

పాలమూరు వలసల మీద మనం ఎన్ని సభల్లో మాట్లాడాం, ఎన్ని పాటలు పాడాం! ఎక్కడో కాలువ తవ్వడానికి పోయిన మన అక్కచెల్లెళ్లను పొరుగు రాష్ట్రం మనుషులుగా చూడలేదని ఎంత బాధపడ్డాం! ఇప్పుడు మనం పొరుగు రాష్ట్రం. మన మట్టిలో వాళ్లు కూలీలు. నాడు మనం అడిగిన న్యాయం నేడు మనం ఇస్తున్నామా? ఈ ప్రశ్న ముందుగా మేం మమ్మల్నే వేసుకుంటున్నాం.

బట్టీ తీరుకూ కూలీ బతుకుకూ సంబంధం ఉంది. ఏటేటా చోటు మారే బట్టీకి చిరునామా ఉండదు. చిరునామా లేనిచోట నల్లా రాదు, మరుగుదొడ్డి రాదు, అంగన్‌వాడీ రాదు, అధికారి అసలే రాడు. పక్కా బట్టీ పదేళ్లు ఒక్కచోట ఉంటుంది. దాని పక్కన పక్కా గది కట్టమని, బోరు వేయమని, బడి పెట్టమని అడగడానికి వీలు దొరుకుతుంది. బట్టీకి చిరునామా దొరికితేనే కూలీకి చిరునామా దొరుకుతుంది.

అయితే ఒక భ్రమ పెట్టుకోవద్దు. ఉత్తరాదిలో పొగగొట్టం ఉన్న పక్కా బట్టీల్లోనూ వెట్టి బతుకులు బయటపడ్డాయి. వెట్టిని నిషేధించే చట్టం 1976లోనే వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన వెట్టి పోలేదు, పొగగొట్టం వచ్చినంత మాత్రానా పోదు. అందుకే బొగ్గులో మిగిలే డబ్బులో కూలీకి వాటా ఉండాలని మేం అంటున్నాం. వెయ్యి ఇటుకలకు ఇచ్చే కూలి పెరగాలి. లెక్క సీజన్ చివర కాదు, వారం వారం తేలాలి.

ఇంకో మాట మన కుమ్మరుల గురించి. మన పాత ఇళ్లను కప్పిన గూనపెంకు వాళ్ల చేతిదే. ఆ పెంకు పోయింది, కుండ మిగిలింది. ఈనాటికీ చాలా ఊళ్లలో కుమ్మరి ఆము బహిరంగంగానే కాలుతుంది. గాలి తిరిగితే కుండలు పగులుతాయి, నెల కష్టం పెంకుల పాలవుతుంది. చుట్టూ గోడ, అడుగున జల్లెడలాంటి అర, పైన మూత ఉన్న చిన్న ఆము కట్టిస్తే కట్టె తగ్గుతుంది, పగుళ్లు తగ్గుతాయి. మట్టికుండ గొప్పదని ఉపన్యాసాలు ఇచ్చే నాయకులు ఊరికొక మంచి ఆము కట్టిస్తే చాలు.

డబ్బు ఎక్కడిది అంటారా? ఇటుకను ఎక్కువగా కొనిపించేది సర్కారే. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. ఇంటికి 10 వేల ఇటుకలు అనుకున్నా లక్ష ఇళ్లకు 100 కోట్ల ఇటుకలు. 30 లక్షల టన్నుల మట్టి. ఏ బట్టీ మారిందో, ఏ బట్టీలో కూలి వారం వారం అందుతోందో జాబితా పెట్టి, ఆ ఇటుకకు ముందు చోటివ్వండి. బిల్లు రాసే కలంతోనే బట్టీ మారుతుంది. చిన్న యజమానులు నలుగురు కలిసి ఒక పక్కా బట్టీ కట్టుకుంటామంటే తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించండి. మంట మేస్త్రీలకు పాలిటెక్నిక్‌లలో శిక్షణ పెట్టండి.

విద్యార్థి మిత్రులారా, ఇంజనీరింగ్ చివరి ఏడు ప్రాజెక్టును అంగట్లో కొనుక్కోకండి. మీ మండలంలోని బట్టీకి పోయి బొగ్గు తూకం వేయండి, మట్టి పరీక్ష చేయండి, మన మట్టికి సరిపోయే కొలత మీరే కట్టండి. ఉద్యోగ మిత్రులారా, 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం మాట మరిచి నిలబడ్డవాళ్లు మీరు. కార్మిక శాఖలో, కాలుష్య మండలిలో, రెవెన్యూలో కూర్చున్నది మీరే. ఫైలు మీద కాదు, బట్టీ మీద నిలబడి సంతకం పెట్టండి.

2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. అది పాత గోడ మీద కొత్త సున్నం కొట్టడానికి కాదు. ఈ రాష్ట్రంలో లేచే ప్రతి ఇంటి గోడలో ఒక తల్లి చేతి అచ్చు ఉంది. ఆమె బలంగీర్ ఆడబిడ్డ అయినా, పాలమూరు ఆడబిడ్డ అయినా మనకు ఒక్కటే. ఆమె పిల్లకు పొగ లేని గాలి, పలక, ఒక చిరునామా ఇవ్వలేని బట్టీలో కాలిన ఇటుకతో మనం కట్టుకునేది ఏ తెలంగాణ?

జై తెలంగాణ!