కోసిన పేగుకు కల్చర్ పరీక్ష తప్పనిసరి చేయాలి

శస్త్రచికిత్సలో తొలగించిన పేగు భాగాన్ని మొత్తంగా ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీ విభాగానికి పంపడంతో పని ముగిసిందనుకునే అలవాటును ఆసుపత్రులు మానుకోవాలి. కణజాలం చెడిపోకుండా కాపాడే ఆ ద్రవం అందులోని శిలీంధ్రాన్ని, అంటే బూజు జాతి సూక్ష్మజీవిని, చంపేస్తుంది గనుక దాన్ని ప్రయోగశాలలో పెంచి జాతిని తేల్చే కల్చర్ పరీక్షకు ఆ తర్వాత ఆస్కారం ఉండదు. రోగనిరోధక శక్తి సడలినప్పుడు మాత్రమే దాడి చేసే అవకాశవాద శిలీంధ్ర వ్యాధులు జీర్ణనాళంలో అరుదన్నది నిజమే అయినా, ఆ అరుదుదనంలో కొంత వెతకకపోవడం వల్ల ఏర్పడిందేనన్న సంగతిని ఆరోగ్యశాఖలు అంగీకరించక తప్పదు.

వీటిలో అత్యంత ప్రమాదకరమైనది మ్యూకార్‌మైకోసిస్. దీనికి కారణమైన శిలీంధ్రాలు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పాడైన రొట్టెలో ఉంటాయి. వాటి బీజాలు ఆరోగ్యవంతుల శరీరంలోకి నిత్యం వెళ్తున్నా హాని చేయవు. అదుపు తప్పిన మధుమేహం, రక్త క్యాన్సర్, అవయవ మార్పిడి అనంతరం వాడే మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు శరీర రక్షణను దెబ్బతీసినప్పుడు మాత్రం వాటి తంతువులు రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోయి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. దాంతో జీర్ణాశయమో పెద్దపేగో ఆ మేరకు చచ్చుబడి చిల్లులు పడుతుంది. కడుపునొప్పి, ఉబ్బరం, రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు తప్ప దీనికంటూ ప్రత్యేక లక్షణం లేనందున, పెద్దవారిలో పేగుకు రక్తప్రసరణ ఆగిన జబ్బుగా, నెలలు నిండని శిశువుల్లో పేగు కుళ్లే నెక్రొటైజింగ్ ఎంటెరోకోలైటిస్‌గా వైద్యులు పొరబడటం వింతేమీ కాదు. శిలీంధ్రాల జాడ కోసం చేసే బీటా-డి-గ్లూకాన్, గెలాక్టోమానన్ రక్తపరీక్షలు కూడా ఈ వర్గాన్ని పట్టుకోలేవు. కణజాలాన్ని పరీక్షిస్తేనే నిర్ధారణ. నిర్ధారణ లేని చికిత్స ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు: ఇతర శిలీంధ్రాలపై బాగా పనిచేసే వొరికొనజోల్‌కు ఇది లొంగదు, లొంగే యాంఫోటెరిసిన్-బి ఆలస్యమైన ప్రతిరోజూ రోగి ప్రాణం మీదికి తెస్తుంది.

2021 మేలో కేంద్రం సూచన మేరకు రాష్ట్రాలు దీన్ని 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించాయి. తెలంగాణ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రం చేయగా, ఆంధ్రప్రదేశ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. అవి సకాలంలో తీసుకున్న నిర్ణయాలే. కాకపోతే బ్లాక్ ఫంగస్ అన్న పేరుతో అప్పుడు అందరి చూపూ ముక్కు, కన్ను, మెదడు మీదే నిలిచింది, కోవిడ్ అనంతరం పేగుకు సోకిన కేసులు వైద్య పత్రికలు చదివినవారికే పరిమితమయ్యాయి.

నిర్ధారణ వల్ల లాభం ఒక్క రోగికే కాదు. హాంకాంగ్‌లో రక్త క్యాన్సర్ రోగులకు పేగు మ్యూకార్‌మైకోసిస్ వరసగా సోకడంతో మూలాన్ని వెతికిన వైద్యులు, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్రల్లోనూ వాటి తయారీకి వాడిన మొక్కజొన్న పిండిలోనూ అదే శిలీంధ్రాన్ని కనుగొన్నారు. ఆ పరిశోధన 2009లో వెలువడింది. 2014లో అమెరికాలోని కనెక్టికట్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువు ఇదే వ్యాధితో మరణించగా, దానికిచ్చిన ప్రోబయోటిక్ పొడి, అంటే మేలుచేసే సూక్ష్మజీవుల పొడి, కలుషితమైందని తేలి ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. పేగును కోసి పారేసి ఊరుకుని ఉంటే ఆ మాత్రలు, ఆ పొడి ఇంకెందరి కడుపుల్లోకి చేరేవో.

అందుచేత, చచ్చుబడిన పేగును తొలగించిన ప్రతిసారీ ఒక ముక్కను ఫార్మలిన్‌లోనూ, మరొకదాన్ని శుభ్రమైన సెలైన్‌లోనూ విడివిడిగా పంపాలని, ఈ శిలీంధ్రపు తంతువులు పెళుసైనవి గనుక సెలైన్‌లోని ముక్కను నూరకుండా చిన్నచిన్నగా తరిగి కల్చర్‌కు పెట్టాలని రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు లిఖితపూర్వక ఆదేశాలివ్వాలి. ఈ పరీక్ష ఖర్చును రాష్ట్ర ఆరోగ్య బీమా పథకాల్లోని పేగు శస్త్రచికిత్స ప్యాకేజీలో కలపాలి. శిలీంధ్రాలను గుర్తించగల మైక్రోబయాలజీ నిపుణులను బోధనాసుపత్రులన్నింటిలోనూ నియమించి, యాంఫోటెరిసిన్-బి నిల్వను మహమ్మారి కోసం ఎదురుచూడకుండా ఏడాది పొడవునా అక్కడే ఉంచాలి.