తోకలో కూర్చున్న కుర్రవాడు

యుద్ధంలో చచ్చిపోయిన కుర్రవాణ్ణి ‘వీరుడు’ అనేసి చేతులు దులుపుకోవడం నాకు గిట్టదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్ తోకలో కూర్చున్న గన్నర్‌నే చూడండి. ఇరవై, ఇరవై రెండేళ్లవాడు. నాలుగు తుపాకుల వెనక, అద్దాల గూట్లో, ఏడెనిమిది గంటలు ఒంటరిగా. చలి సున్నాకి 40 డిగ్రీలు కిందికి దిగేది. అయినా చీకట్లో శత్రువు కనబడాలని ఎదుటి అద్దం పలకను పీకించుకున్నవాళ్లున్నారు! పారాచూట్ ఒంటిమీద ఉండదు. వీపు వెనక తలుపుల అవతల ఉంటుంది. విమానం అంటుకున్నాక దాన్ని అందుకుని, తగిలించుకుని దూకాలి.

ఇదంతా విధి రాతా? అతని తుపాకులు పేల్చింది మన పోలీసుల భుజాన చూసిన ఆ త్రీనాట్‌త్రీ తూటానే. జర్మన్ ఫైటర్లకు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. 1943 నుంచి అవి అడుగున చేరి పైకి కాల్చాయి. చాలా లాంకాస్టర్లకు అడుగున తుపాకీయే లేదు. ముప్ఫై దాడులు పూర్తయితేగాని విశ్రాంతి లేదు. ఇక ఎగరలేనన్నవాడికి ‘నైతిక స్థైర్యం లేదు’ అని ముద్ర వేశారు. వేసినవాడు నేలమీద కూర్చునే వేశాడు!

బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది పోయారు.

హాంబర్గ్‌లో, డ్రెస్డెన్‌లో కాలిపోయిన పిల్లల మాటేమిటంటారు. అడగాల్సిందే. కాని ఆ ఊళ్లను ఎంచింది గన్నర్ కాదు. బాంబు మీట నొక్కిందీ అతను కాదు. దాడులు సాగించిన ప్రభుత్వాధినేత చర్చిలే 1945 మార్చిలో వాటిని ప్రశ్నిస్తూ నోటు రాశాడు, ఆనక వెనక్కి తీసుకుని మెత్తగా తిరగరాశాడు. కుర్రవాళ్లకు ప్రత్యేక పతకం ఇవ్వలేదు. రిబ్బనుకి తగిలించుకునే చిన్న లోహపు పట్టీ 2013లో వచ్చింది. అప్పటికి మిగిలినవాళ్లకు తొంభై దాపున వయసు.