విహార వీథి: కౌడియాలా దిగువన గంగ

ఎల్.టి.సి. సౌకర్యంపై హరిద్వార్, ఋషీకేశ్, బదరీనాథ్ దర్శించని కుటుంబం మన సంస్థలో అరుదు. ఋషీకేశ్ దాటి దేవప్రయాగ వైపు బస్సు ఎగబ్రాకుతున్నప్పుడు కుడివైపు కిటికీలోంచి చూచినవారికి లోయ అడుగున గంగ కనబడుతుంది. పచ్చని నీరు, అక్కడక్కడ తెల్లని నురుగు, ఆ నురుగులో ఊగిసలాడే రబ్బరు తెప్పలు. తెప్పల ప్రక్కనే ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నని పడవ ఒకటి నీటిలో మునుగుతూ తేలుతూ పోవడం కొందరైనా గమనించి ఉంటారు. అదే కయాక్. 2022 కార్తీక మాసంలో, నలుగురం సహోద్యోగులం సెలవు పెట్టి, ఆ పడవలపై గంగలో దిగాము. ఈ మాసపు విహారం ఆ ప్రయాణాన్ని గురించినది.

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారి సృష్టి. కొయ్య లేక ఎముకల చట్రంపై సీల్ చర్మం బిగించి, అందులో కూర్చుని వారు వేటాడేవారు. నేడు పర్వత నదులపై వాడే పడవలు గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. కాళ్ళు లోపలికి చాచి కూర్చున్న పిదప, నడుము చుట్టూ నీరు చొరని తొడుగు ఒకటి పడవ అంచుకు బిగిస్తారు. అప్పటినుండి పడవ, మనిషి ఒక్కటే. పడవ బోర్లపడితే తల నీటి క్రింద ఉంటుంది. తెడ్డును ఒక పద్ధతిలో త్రిప్పి, నడుము విదిల్చి, మళ్ళీ పైకి లేవాలి. దీనిని రోల్ అంటారు. నిలకడ నీటిలో పదిసార్లు లేచినవాడు కూడా పరుగు నీటిలో ఒక్కసారి లేవలేకపోవచ్చును. అప్పుడు తొడుగు ముందరి పట్టీ లాగి, పడవను విడిచి, ఈదవలసిందే. నేను నలభై ఆరేళ్ళ వయస్సులో, ఈత కొలనులో, ఇరవై ఏళ్ళ కుర్రవాని వద్ద ఈ విద్య అభ్యసించాను. గురువుగారి ఓర్పు గొప్పది.

కౌడియాలా నుండి ఋషీకేశ్ వరకు నదీమార్గం సుమారు 36 కిలోమీటర్లు. పర్వత నదులలోని ఉరవళ్ళను 1 నుండి 6 వరకు తరగతులుగా విభజించే అంతర్జాతీయ పద్ధతి ఉన్నది. 1 పిల్లలాట, 6 దాదాపు అసాధ్యం. ఈ భాగంలో ఎక్కువ ఉరవళ్ళు 2, 3 తరగతులవి. కొన్ని మాత్రమే 4. ప్రక్క లోయల నుండి వాగులు వరదకాలంలో దొర్లించుకు వచ్చిన బండలు నదీగర్భంలో పేరుకున్న చోట, లేదా గట్లు ఇరుకైన చోట, నీటి వాలు హఠాత్తుగా పెరిగి ఉరవడి పుడుతుంది. బండ మీదుగా దూకిన నీరు దిగువన వెనుకకు తిరిగి మనిషిని పట్టి ఉంచగలదు. అదే బండ ప్రక్కన ఎదురు దిక్కుకు మెల్లగా తిరిగే నీరు ఆశ్రయం కూడా ఇవ్వగలదు. ఈ రెంటి తేడా గట్టుమీద నిలిచి చూచి గ్రహించడమే కయాకర్ విద్యలో సగం. కనుక పెద్ద ఉరవడికి ముందు పడవ దిగి, ఒడ్డున నడిచి, నీటిని చదవాలి. చదవలేకపోతే పడవను భుజాన వేసుకొని ఆ ఉరవడిని నడిచి దాటాలి. ఇందులో అవమానం లేదు.

ఇంకొక విశేషం ఉన్నది. దేవప్రయాగలో అలకనందతో కలిసే భాగీరథిపై టెహ్రీ, కోటేశ్వర్ జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. వాటిని నిర్వహించేది కూడా మనవంటి ప్రభుత్వ రంగ సంస్థయే. విద్యుత్తు అవసరమయ్యే వేళలనుబట్టి నీరు విడుదలవుతుంది కాబట్టి ఉదయం పడవ ఉంచిన ఇసుక సాయంత్రానికి నీట మునగవచ్చును. విద్యుత్ రంగంలో పనిచేసే మిత్రులకు ఇది చెప్పనవసరం లేదు గాని, నదిలో నిలిచి అనుభవించడం వేరు.

ఈ నది ఆటగాళ్ళకు సులభంగా లొంగినది కాదు. 1977లో సర్ ఎడ్మండ్ హిల్లరీ బృందం సముద్రం నుండి జెట్ పడవలలో గంగ పొడవునా ఎగువకు వచ్చి, నందప్రయాగ దగ్గర ఒక జలపాతం వద్ద ఆగిపోయింది. తరువాతి దశాబ్దాలలో వ్యాపారపు తెప్పలు, ఇసుక తిన్నెలపై గుడారాలు, రాత్రివేళ పాటలు, దీపాలు వచ్చాయి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా, ఋషీకేశ్ మధ్య ఒడ్డున శిబిరాలను నిలిపివేసింది. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, సరియైన విధానం రూపొందేవరకు తెప్పల విహారాన్ని కూడా ఆపివేయించింది. మేము వెళ్ళేనాటికి నదిపై విహారం తిరిగి సాగుతూనే ఉన్నది. కాని ఒడ్డున నివసించేవారి మనస్సులో ఏమున్నదో కోర్టు ఉత్తర్వులు చదివితే తెలియదు. మాకు మొదటిరోజే తెలిసింది.

కౌడియాలా దిగువన వాల్ అనే 4వ తరగతి ఉరవడి ఉన్నది. వాల్ అంటే గోడ, పేరుకు తగినదే. దానిని ముందుగా చూడాలని రోడ్డు దిగి, అడ్డదారిన మెట్ల చేల మీదుగా నడిచాము. సగం దూరం పోయేసరికి గడ్డిమోపుతో వస్తున్న ఒక నడివయస్సు స్త్రీ కేక వేసింది. మాలో ఒకాయన హిందీ బాగా వచ్చినవారు. "నది అందరిదీ కదా బహెన్‌జీ, చూచి పోతాము" అన్నారు.

"నది అందరిదే బాబూ. చేను మాది. నిన్న విత్తిన గోధుమ ఇది" అన్నదామె.

వెనుకకు చూస్తే తడి మట్టిలో మా నలుగురి బూట్ల గుర్తులు వరుసగా ఉన్నాయి. మా గైడు ఆ ప్రాంతపు యువకుడే. సామాను దింపించి అప్పుడే వచ్చాడు. రాగానే "చాచీజీ, తప్పు నాది, వీరికి దారి చెప్పలేదు" అని చేతులు జోడించాడు. చేల చుట్టూ పశువులు నీళ్ళకు దిగే బాట ఉన్నది. పదిహేను నిమిషాలు ఎక్కువ నడక. ఆ బాటనే వెళ్ళాము. నలిగిన చాళ్ళకు డబ్బు ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. రేపు వచ్చేవారికి కూడా ఈ బాటే చూపించమని గైడుతో మాత్రం చెప్పింది. ఆ రాత్రి మాలో కొంత వాదన జరిగిన మాట దాచను. నది ప్రభుత్వానిది, మనము రుసుము చెల్లించాము అన్నది ఒకరి వాదం. మా కాలనీ పార్కులో ప్రక్క వీథివారు క్రికెట్ ఆడితే ఆయనే సంఘానికి ఫిర్యాదు వ్రాసిన సంగతి నేను గుర్తుచేయవలసి వచ్చింది.

మరునాడు వాల్‌లో నా పడవ బోర్లపడింది. మొదటి ప్రయత్నంలో లేవలేదు. రెండవసారి సగం లేచి, మళ్ళీ అలలో పడ్డాను. మూడవసారికి ఊపిరి చాలలేదు. పట్టీ లాగి బయటపడ్డాను. చలి మొదట గుండెను పట్టుకొంటుంది. బోధించినట్లు వెల్లకిలా తేలి, పాదాలు దిగువకు చాచి, కాలు అడుగున మోపకుండా కొట్టుకుపోయాను. అడుగున బండల నడుమ పాదం ఇరుక్కుంటే నిలువులోతు నీరు కూడా మనిషిని చంపగలదు. ఇంతలో కుడిగట్టు బండ మీద నిలిచిన గైడు త్రాటి సంచి విసిరాడు. పదిహేను, ఇరవై మీటర్ల తేలే త్రాడును చిన్న సంచిలో కుదించి పెడతారు. విసిరితే విప్పుకుంటూ వస్తుంది. అది నా భుజానికి తగిలింది. ఇంతకుమించిన స్పర్శను నేనెరుగను.

నా పడవ మాత్రం ఎడమగట్టుకు పోయింది. కుడిగట్టు టెహ్రీ జిల్లా, అటే బదరీ రహదారి. ఎడమగట్టు పౌడీ జిల్లా. రోడ్లు లేని కాలంలో బదరీ యాత్రికులు ఎడమగట్టు కాలిబాటనే చట్టి నుండి చట్టికి నడిచేవారు. మేము రక్షణ తెప్పలో దాటి చూస్తే, నా ఎర్రని పడవ ఒక చిన్న రేవులో రాళ్ళకు ఆనుకొని ఉన్నది. ఆ రేవులోనే ఒక కుటుంబం పదవరోజు కర్మ జరుపుతున్నది. తల గొరిగించుకున్న కుమారులు మోకాలిలోతు నీటిలో నిలిచి పిండాలు విడుస్తున్నారు.

గైడు తెప్పను రేవుకు చేర్చలేదు. దిగువన బండ వెనుక నిలకడ నీటిలో ఆపి, మమ్మల్ని మాట్లాడవద్దన్నాడు. తడిబట్టలతో, దవడలు కొట్టుకుంటూ, ముప్పావు గంట కూర్చున్నాము. తలల మీది హెల్మెట్లు ఎవరు ముందు తీశారో జ్ఞాపకం లేదు. ముందురోజు రుసుము సంగతి ఎత్తిన పెద్దమనిషే తన పొడి కంబళి నా భుజాలపై కప్పారు.

కర్మ ముగిసిన పిదప ఒక వృద్ధుడు పడవను స్వయంగా త్రోసి మావైపు పంపాడు. మేము ఒడ్డెక్కి నమస్కరించాము. ఎక్కడివారమని అడిగాడు. ఆంధ్ర నుండి అనగానే, దేవప్రయాగ రఘునాథుని దర్శనానికి మీవైపువారు చాలామంది వస్తారన్నాడు. ఆ ఆలయం నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి కదా. తరువాత నా చేతిలోని త్రాటి సంచి చూపి, అది ఎట్లా పనిచేస్తుందని అడిగాడు. గైడు విసిరి చూపించాడు. వృద్ధుడు రెండుసార్లు తానే విసిరాడు. రెండవసారి చక్కగా పోయింది.

"వర్షాకాలం తరువాత ఇక్కడ నీరు నమ్మరానిది. పిల్లలు స్నానానికి దిగుతారు. మా దగ్గర చీర కొంగు తప్ప మరేమీ లేదు" అన్నాడు.

మా వద్ద మూడు సంచులున్నాయి. నదిలో ఇంకా ఒక పూట ప్రయాణమున్నది. గైడు తన సంచి విప్పి, తడిసిన త్రాడును మళ్ళీ ఎట్లా కుదించి పెట్టాలో అక్కడి ఇద్దరు కుర్రవాళ్ళకు నేర్పాడు. రేవు పైనున్న రావిచెట్టుకు, పిల్లల చేతికి అందే ఎత్తులో, దానిని తగిలించి వచ్చాము.