మందు మోతాదునకు జన్యుపరీక్ష

గుండెలో యాంత్రిక కవాటము అమర్చబడినవారికి వార్ఫరిన్ గాని, మన దేశమున విరివిగా వాడబడు ఎసినోకుమరాల్ గాని జీవితాంతము అవసరమగును. మోతాదు తగ్గినచో రక్తము గడ్డకట్టి పక్షవాతము రావచ్చును. హెచ్చినచో మెదడులోనో, కడుపులోనో రక్తస్రావము కావచ్చును. జన్యుపరీక్ష చేసి ఈ మోతాదును ముందే అంచనా వేయవచ్చునను వాదమును మన కుటుంబములు కూడ ఇప్పుడు వినుచున్నవి.

ఈ వాదము నిరాధారము కాదు. సి.వై.పి.2సి9 అను జన్యువు వార్ఫరినును కాలేయమున విరుగగొట్టు ఎంజైమునకు మూలము. అందు కొన్ని మార్పులున్నవారి శరీరమున మందు ఎక్కువ కాలము నిలుచును. వి.కె.ఓ.ఆర్.సి.1 అను జన్యువున ఒక భేదమున్నవారికి స్వల్పమైన మోతాదే చాలును. అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ 2007లో ఈ జన్యువులను వార్ఫరిన్ సూచనపత్రమున పేర్కొని, 2010లో మోతాదుల పట్టికను చేర్చినది.

అయినను ఫలితములు ఏకముఖముగా లేవు. 2013లో వెలువడిన ఐరోపా అధ్యయనమున జన్యుపరీక్ష జరిగినవారి రక్తము 67 శాతము కాలము సరియైన స్థాయిలో ఉండగా, తక్కినవారిది 60 శాతము కాలమే ఉండెను. అదే సంవత్సరము 1,015 మందిపై జరిగిన అమెరికా అధ్యయనమున మొత్తముమీద లాభము కానరాలేదు. మొదటిదానిలో పోలిక అందఱికి వాడుకగా ఇచ్చు ఆరంభ మోతాదుతో. రెండవదానిలో వయస్సు, బరువు మున్నగువానిని లెక్కించిన మోతాదుతో. పైగా అందు నల్లజాతివారికి జన్యువుల లెక్క మామూలు లెక్క కన్న తక్కువ మేలు చేసెను. వారిలో కానవచ్చు కొన్ని మార్పులు ఆ లెక్కలో చేరియుండలేదు. 2017లో తుంటి, మోకాలి కీళ్ల మార్పిడి జరిగిన వృద్ధులపై ప్రకటితమైన అధ్యయనమున మాత్రము ఉపద్రవములు 14.7 శాతము నుండి 10.8 శాతమునకు తగ్గెను.

మేము దీనినుండి గ్రహించునది ఒక్కటే: ఎవరిని చూచి లెక్క కట్టిరో వారికే ఆ లెక్క బాగుగా సరిపడును. తరతరములుగా తమలో తామే వివాహములాడుచు వచ్చిన కుటుంబములు మన దేశమున అనేకములు. జన్యువులు రాష్ట్రపు సరిహద్దులను ఎఱుగవు. కావున ఇచట జరుగు పరిశోధనలు నివసించు రాష్ట్రమును మాత్రమే గాక, రోగి పూర్వుల మూలమును కూడ నమోదు చేయవలెను. అడిగినపుడు మనవారును సమ్మతించి పాల్గొనవలెను.

క్రొత్త మందులు వచ్చినవి గదా యని కొందఱనవచ్చును. అవి యాంత్రిక కవాటములకు పనికిరావు. కీళ్లవాతజ్వరము వలన గుండె చెడి, లయ తప్పినవారిలో పాతమందే మేలని 2022లో తేలినది. ఆ జ్వరపు గుండెజబ్బు మన దేశమును ఇంకను వీడలేదు.

కావున మొదట కోరదగినది ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష. అది ప్రతి తాలూకాలోను, పేదవానికి అందు వెలకు లభింపవలెను. జన్యువులు జన్మమునకు ఒకసారి చూచిన చాలును. కాని గోంగూర, తోటకూరల పరిమాణము, క్రొత్తగా చేరిన మాత్రలు, మద్యము రక్తపు స్థితిని మార్చుచునే యుండును. ఆకుకూరలు మానవలదు, ఒకే కొలతలో తినవలెను. మోతాదు చీటి రోగి చదువగల లిపిలో ఉండవలెను: ఇంట తెలుగాడు వృద్ధునకు కన్నడమో, తమిళమో, ఒడియాయో చదువ వచ్చియుండవచ్చును. ఈ ఏర్పాటులు లేనిచోట జన్యుపరీక్షకు వెచ్చించు ధనము వ్యర్థమని మా అభిప్రాయము. ఇవి ఉన్నచోట అది వైద్యునకు మంచి తోడు కాగలదు.