స్కూటర్‌లో దాక్కున్న చైనా

ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూమ్‌కి వెళ్తే మనం అడిగేవి రెండే. ఒక్క ఛార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లొస్తుంది? బ్యాటరీ పోతే ఎంతవుతుంది? మోటార్ సంగతి ఎవరూ అడగరు. కానీ 2025లో మన కంపెనీలకు చెమటలు పట్టించింది బ్యాటరీ కాదు, ఆ మోటార్ లోపలి అయస్కాంతం.

సంగతేంటంటే, 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు పెట్టింది. ట్రంప్ టారిఫ్‌లకి జవాబుగా వేసిన ఎత్తు అది. గురి అమెరికా మీదే అయినా దెబ్బ అందరికీ తగిలింది. ‘మేం వీటిని ఆయుధాల్లో వాడం మహాప్రభో’ అని మన కంపెనీలు కాగితాలు రాసిచ్చి, నెలల తరబడి ఎదురుచూశాయి. బజాజ్ చేతక్ ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. మారుతి తన మొదటి ఎలక్ట్రిక్ కారు ఇ-విటారా టార్గెట్లను కుదించుకుందని రాయిటర్స్ వార్త రాసింది.

ఇంతా చేస్తే కారు మోటార్‌లో ఈ అయస్కాంతం ఒకటి రెండు కిలోలు. స్కూటర్‌లో ఇంకా తక్కువ. కూరలో ఉప్పెంతో బండి ఖర్చులో దీని వాటా అంతే. ఉప్పు లేని కూర ఎలా ఉంటుందో తెలుసు కదా!

ఇక్కడ ఒక చిన్న కెమిస్ట్రీ. ఈ అయస్కాంతాల్లో ముఖ్యమైన సరుకు నియోడిమియం. తమాషా ఏంటంటే చైనా ఏప్రిల్ జాబితాలో అది లేనే లేదు! డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. మోటార్ బాగా వేడెక్కితే మామూలు నియోడిమియం అయస్కాంతం బలం కోల్పోతుంది. వేడికి తట్టుకోవాలంటే చిటికెడు డిస్ప్రోసియం కలపాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఫ్లైఓవర్ ఎక్కే బండికి అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. చైనా సరిగ్గా ఆ చిటికెడు దగ్గరే పట్టుకుంది.

మరి మన దగ్గర లేవా? ఉన్నాయి. భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో నల్లగా మెరిసే ఇసుక చూసే ఉంటారు. అందులో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో రేర్ ఎర్త్‌లు ఉంటాయి. అమెరికా జియలాజికల్ సర్వే లెక్కలో మన దేశం నిల్వలు 69 లక్షల టన్నులు. చైనా, బ్రెజిల్ తర్వాత మనమే. కానీ మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది. అందుకే అది అణు ఖనిజాల జాబితాలో ఉంది, ఎవరుపడితే వాళ్లు తవ్వడానికి లేదు. పైగా మన ఇసుకలో నియోడిమియం దొరుకుతుంది గానీ, డిస్ప్రోసియం గిట్టుబాటయ్యేంత లేదు. ‘మన ఇసుకతో చైనాకి చెక్’ అని రీల్స్ చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇంకో విచిత్రం వినండి. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఒక జపాన్ కంపెనీ అనుబంధ సంస్థ ఉంది, టొయోట్సు రేర్ ఎర్త్స్ ఇండియా. 2012 నాటి ఒప్పందం ప్రకారం ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఇచ్చే సరుకుని అక్కడ శుద్ధి చేసి జపాన్‌కి పంపేవాళ్లు. అయస్కాంతాలు అక్కడ తయారయ్యేవి. మనం మాత్రం చైనా నుంచి కొనుక్కునేవాళ్లం. ఆ ఎగుమతులు ఆపమని 2025 జూన్‌లో కేంద్రం ఐఆర్‌ఈఎల్‌కి చెప్పిందని వార్తలొచ్చాయి. సరే, ఆపితే? ఆ ఆక్సైడ్‌ని లోహంగా, లోహాన్ని అయస్కాంతంగా మార్చే పెద్ద ఫ్యాక్టరీ మనకుండాలి కదా. విశాఖలో ఐఆర్‌ఈఎల్ ప్లాంటు ఒకటుంది. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. చేసేది సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు, అంటే రక్షణ, అంతరిక్ష రంగాల సరుకు. స్కూటర్ల దాకా రాదు.

అందుకే 2025 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ 7,280 కోట్ల పథకం ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు తయారుచేసే సామర్థ్యం లక్ష్యం. ఐదు కంపెనీల దాకా ఎంపిక చేస్తారు. అమ్మకాలను బట్టి ఐదేళ్లు ప్రోత్సాహకం ఇస్తారు.

నా అనుమానమల్లా ఆ ఐదేళ్ల మీదే. ఫ్యాక్టరీ కట్టడం కష్టమే, కానీ కట్టాక బతకడం ఇంకా కష్టం. అమెరికా కథ చూడండి. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని ఒకప్పుడు ప్రపంచానికి రేర్ ఎర్త్‌లు పంపింది. చైనా చవక సరుకు ముందు నిలవలేక మూతపడింది. 2010లో చైనా-జపాన్ గొడవప్పుడు ధరలు ఆకాశానికెక్కాయి. ఆ ఊపులో మోలీకార్ప్ కంపెనీ కోట్ల డాలర్లు పోసి గనిని మళ్లీ తెరిచింది. ఈలోపు ధరలు పడిపోయాయి. 2015లో కంపెనీ దివాలా. చైనా సరుకు ఆపితే పరిశ్రమ పుడుతుంది, వదిలితే చస్తుంది. ఈ ఆట అర్థమయ్యే 2025 జూలైలో అమెరికా రక్షణ శాఖ, అదే గనిని ఇప్పుడు నడుపుతున్న ఎంపీ మెటీరియల్స్‌కి కిలోకి 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. మన రైతులకి మద్దతు ధర ఉన్నట్టన్నమాట. మన పథకంలో ప్రోత్సాహకం ఉంది, అలాంటి కనీస ధర లేదు.

రెండో దారి, అసలు రేర్ ఎర్త్ లేకుండానే మోటార్ చేయడం. ఫెర్రైట్ అయస్కాంతాలతో చేయొచ్చు. ఓలా అలాంటి మోటార్‌కి సర్టిఫికేషన్ తెచ్చుకుంది. అదే శక్తి రావాలంటే మామూలుగా మోటార్ బరువు, సైజు పెరుగుతాయి. స్కూటర్‌కి సర్దుకోవచ్చు. సముద్రంలో తిరిగే పెద్ద గాలిమరలకి అంత తేలిక కాదు.

ఈ రంగంలో చైనా దగ్గరున్నది ఖనిజం ఒక్కటే కాదు. శుద్ధిలో దాదాపు 90 శాతం, అయస్కాంతాల తయారీలో అంతకు మించి వాటా దానిదే. దానికి బావోటౌ ఊరి పక్కన యాసిడ్, రేడియోధార్మిక వ్యర్థాలు నిండిన చెరువు రూపంలో మూల్యం కూడా చెల్లించింది. రేపు మన తీరంలో మోనజైట్ తవ్వకం పెరిగితే, వ్యర్థాలు ఎక్కడ పెడతారని మత్స్యకారుల ఊళ్లు అడుగుతాయి. అడగాలి కూడా.

2025 అక్టోబర్‌లో చైనా ఆంక్షలు ఇంకా బిగించి, ట్రంప్‌తో రాజీ కుదిరాక ఆ కొత్త ఆంక్షల్ని 2026 నవంబర్ 10 దాకా పక్కన పెట్టింది. ఏప్రిల్ నాటి లైసెన్సు విధానం మాత్రం అలాగే ఉంది.